గోల్ఫ్ కర్రలకు సున్నిపిండి

ఉదయం పదిన్నరకు ఫోను మోగింది. "దీదీ, మై బసంత్" అన్నది ఒక ముసలి గొంతు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. అయినా దీదీ అనే పిలుస్తాడు, మా దీవుల్లో ఆడవాళ్లందరూ దీదీలే కదా. మా పట్నం అబర్డీన్ బజార్లో గడియార స్తంభం ఎదురుగా నిలబడి ఉన్నాడట. నాన్న ఇనుప సామాను కొట్టు ఎక్కడుండేదో గంట నుంచీ వెతుకుతున్నాడట. అది ఉంటే కదా కనబడడానికి! అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. చివరికి ఆ పక్క కొట్టువాళ్లనడిగి నా నంబరు సంపాదించాడు. గొంతు తగ్గించి, "అమ్మ..." అని సగంలో ఊరుకున్నాడు. "ఉంది బసంత్ భయ్యా, వరండాలో కూచుని పెసలు ఏరుతోంది" అన్నాను. అవతల బండ్ల హారన్ల మధ్య ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

మా ఇల్లున్న ప్రోతరాపూర్‌కు ఎలా రావాలో చెప్పి ఫోను పెట్టేశాను. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే ఎనభై ఆరేళ్ల మనిషి మడత మంచం మీద కుదురుగా కూచోదు. నన్ను చేపల బజారుకు మూడుసార్లు తిప్పుతుంది, ఆపైన తెచ్చిన చేప బాగాలేదని తిడుతుంది. అదీగాక, ఆమె మొహం ఎలా మారుతుందో నేను చూడాలనుకున్నాను. అన్నం పొయ్యి మీద పెట్టి, అమ్మకు ఎదురుగా గడప మీద కూచున్నాను. ఆమె ఏరుతున్న పెసలు సున్నిపిండికి. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ పండగలూ తలంట్లూ గుర్తురావు. గోల్ఫ్ ఆట గుర్తొస్తుంది. ఈ మాట మా స్కూల్లో తోటి టీచర్లకు చెబితే ఒక్కరూ నమ్మలేదు.

నా చిన్నప్పుడు మా ఊరి పక్కన గోల్ఫ్ మైదానం ఒకటి ఉండేది. మైదానం అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. కొబ్బరి చెట్ల మధ్య తొమ్మిది గుంతలు. గుంతల చుట్టూ పచ్చిక నిలిచేది కాదు, అందుకని ఇసుకలో పడవ ఇంజన్ల వాడేసిన నూనె కలిపి, గోనెసంచులు ఈడ్చి చదును చేసేవాళ్లు. ఆ తొమ్మిది నల్లని వలయాల మీద ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టాక, దేశంలోని గోల్ఫ్ ఆటగాళ్లు వచ్చి మూడు రోజులు పోటీపడేవాళ్లు. పేరున్న ఆటగాళ్లు కారు. పేపర్లో ఫొటోలు పడేవాళ్లు పైమెట్టు పోటీల్లో ఆడేవాళ్లు, వాళ్లు మా సముద్రం దాటి ఎందుకొస్తారు? మా దగ్గరికి వచ్చేవాళ్లు రెండో మెట్టు వాళ్లు. పైకి ఎక్కాలని చూస్తున్న కుర్రవాళ్లూ, పైనుంచి జారి మళ్లీ ఎక్కబోతున్న నడివయసు వాళ్లూ. ఏడాది పొడుగునా వేర్వేరు ఊళ్లలో ఆడిన ఆటలన్నీ కలిపి చూసి, ముందున్న కొద్దిమందిని పైమెట్టుకు పంపేవారు. ఆ ఏడాదికి ఆఖరి పోటీ మాదే. అందుకని వాళ్లందరూ మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ అయినా సరే వచ్చేవాళ్లు. మేం దాన్ని టోర్నమెంట్ అనేవాళ్లం. ఇంకే టోర్నమెంటూ లేనట్టు.

మొదటి ఏడాది ఆటగాళ్లు దిగేసరికి గెస్ట్‌హౌసు నిండా ఢిల్లీ ఆఫీసర్లున్నారు. హోటళ్లు అప్పుడెక్కడివి? క్లబ్బు సెక్రటరీ సాబ్, ఓడరేవులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, చెమటలు కక్కుతూ అబర్డీన్ బజార్లో కొట్టుకొట్టూ తిరిగి, "ఐదు రోజులు ఒక్కొక్కరిని పెట్టుకోండి భాయీ" అని బతిమాలాడట. అట్లా బెంగాలీ ఇంట్లో ఒకరు, మలయాళీ టీచరమ్మ ఇంట్లో ఒకరు, తమిళ మేస్త్రీ ఇంట్లో ఒకరు, రాంచీ వాళ్లింట్లో ఒకరు సర్దుకున్నారు. ఆ ఏడు గెలిచినవాడు ఆస్టినాబాద్‌లో మినతి దీదీ ఇంట్లో ఉన్నాడు. బహుమతి ఇచ్చి రెండు మాటలు చెప్పమంటే, తన ఆట గురించి ఏమీ చెప్పకుండా, దీదీ వండిన చేపల పులుసు తిని గెలిచానన్నాడు. సెక్రటరీ సాబ్‌కు ఆ మాట ఎంత నచ్చిందంటే, షీల్డు మీద కొట్టించిన ఇత్తడి రేకులో గెలిచినవాడి పేరు కింద మినతి దీదీ పేరు కూడా చెక్కించాడు. అంతే, పట్నం పట్నమంతా మండింది. రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా పేరు పడని ఆడవాళ్లకు ఇత్తడి మీద పేరు పడే దారి దొరికింది. మరుసటి ఏడు మాకంటే మాకని పోటీపడ్డారు. బిస్కెట్ల డబ్బాలో చీట్లు వేసి, ఎవరింటికి ఎవరో తీయాల్సి వచ్చింది. చీటీ తీసే రోజున క్లబ్బు వరండాలో పట్టుచీరలు చూడాలి!

మా అమ్మ పేరు అప్పలనర్సమ్మ. ఆ పేరు రేకు మీద ఎక్కాలన్నది ఆవిడ కోరిక. "రేకు సాలదే నీ పేరుకి, రెండు రేకులు అతుకెయ్యాల" అని నాన్న ఎగతాళి చేసేవాడు. మాకు మొదట్లో తగిలిన అతిథులు ఆ కోరిక తీర్చేవాళ్లు కారు. ఒకాయన ఉడికించిన గుడ్లు తప్ప మరేం ముట్టడు. అమ్మ చేసిన వంజరం చేప వేపుడు అట్లాగే వదిలేసి, చివరివాడుగా నిలిచాడు. "తిననోడు ఏటి గెలుస్తాడు?" అని అమ్మ ఆయన్ను క్షమించలేదు. ఆ తర్వాతి ఏడు చీటీలో బసంత్ వచ్చాడు. కలకత్తాలో పెద్దవాళ్ల గోల్ఫ్ సంచులు మోస్తూ ఆట నేర్చుకున్న మనిషి. చెప్పులు బయట విప్పి, నేరుగా వంటింట్లోకి వచ్చి, "అమ్మా, క్యా పకా?" అన్నాడు, ఏం వండావని. పులుసులో ముక్క ఉంచకుండా తిన్నాడు. ఆ ఏడు గెలవలేదు, అయినా అమ్మకు కొడుకైపోయాడు.

మరో ఏడాదికి మళ్లీ వచ్చాడు. వచ్చినవాడు పాత ఇంటికే వెళ్లాలన్నది అప్పటికి అలవాటుగా స్థిరపడింది, చీటీ అక్కర్లేదు. అమ్మ జెట్టీ దగ్గరే ఎదురెళ్లి, "వచ్చీసినావా బాబూ!" అని పొంగిపోయింది. అతను తలొంచుకుని, "హా అమ్మా, ఫిర్ ఆ గయా" అన్నాడు. అంత దూరం నుంచి మళ్లీ వచ్చినవాడికి అంత దిగులెందుకో అమ్మకు అర్థం కాలేదు. మధ్యాహ్నం అన్నాలప్పుడు నాన్న విడమరిచి చెప్పాడు. "పైకి ఎల్లినోడు ఇక్కడికి రాడే. వచ్చినాడంటే పైకి పోలేదన్నమాట. ఈ ఏడూ పోకపోతే ఆట మానేసి అన్నగారి లారీల మీదకి పోతాడట." అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ఇష్టమైన మనిషి ఇంటికి రావడమే అతనికి ఓటమి అని ఆవిడకు ఎన్నడూ తోచలేదు.

మా ఇంట్లో ఆదివారం ఇనుము రోజు. దీవుల్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి రాత్రి వేలాడదీసిన కత్తెర తెల్లారేసరికి ఎర్రబడుతుంది. పైగా మాది ఇనుప సామాను కొట్టు, తుప్పే నాన్నకు పగవాడు. ఆదివారం పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె గిన్నె, పాత లుంగీ గుడ్డ పట్టుకుని కూచునేది. కత్తిపీట, కుట్టుమిషను, తలుపు గొళ్లేలు, సైకిలు గొలుసు, నాన్న పట్టుకార్లు, ఆఖరికి దేవుడి ముందు గంట నాలుక కూడా. అన్నిటికీ తలనుంచి కాళ్లదాకా నూనె పట్టించేది. ఆ వాసనలోనే మేం పెరిగాం. మా ఇంటికి వచ్చిన చుట్టాలు దోసెలు వేస్తున్నారా, తలంటుతున్నారా అని తికమకపడేవాళ్లు.

పోటీలో రెండు రోజులు గడిచేసరికి బసంత్ అందరికంటే మూడు దెబ్బలు ముందున్నాడు. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాడిదే గెలుపు. మాకు అంతవరకే తెలుసు, అది చాలు. మూడో రోజు ఆదివారం. ముందు రోజు సాయంత్రం చిన్న జల్లు పడింది. తెల్లవారి బసంత్ స్నానానికి వెళ్లినప్పుడు వరండాలో ఆనించిన అతని కర్రల్లో ఒకదాని ఇనుప మొహం మీద అమ్మకు గోధుమరంగు చుక్క కనబడింది. ఇంకేముంది, గిన్నె తెచ్చుకుని కూచుంది. నేను ఒక్కొక్క కర్రా అందిస్తుంటే పద్నాలుగింటికీ పట్టించింది. ఇనుముకు రాసి ఊరుకున్నా సరిపోయేది. చేత్తో పట్టుకునే చోట రబ్బరు తొడుగు పాపం ఎండిపోయి బీటలు వేస్తోందని, దానికి రెండు పూతలు ఎక్కువే వేసింది. సంచికి కుంకుమ బొట్టు పెట్టి, కర్రల తలలకు తొడుగులు వేసి మూసేసింది. జీపు హారను కొట్టగానే బసంత్ సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. కొబ్బరినూనె వాసన అతనికి అనుమానం కలిగించలేదు. మా ఇంట్లో ఏ వస్తువుకు ఆ వాసన లేదు కనుక?

మేం మైదానానికి చేరేసరికి మొదటి గుంత అయిపోయింది. మొదటి దెబ్బకే కర్ర చేతుల్లోంచి జారి బంతి కంటే ముందు వెళ్లి పడిందని జనం నవ్వుతూ చెప్పుకుంటున్నారు. బసంత్ ప్యాంటుకు చేతులు తుడుచుకుంటున్నాడు, తువ్వాలుకు తుడుచుకుంటున్నాడు, గడ్డికి రాస్తున్నాడు. రెండో గుంత దగ్గర బంతి కొబ్బరి చెట్లలోకి పోయింది. నాన్న మెల్లిగా అమ్మ వైపు తిరిగి, "ఓసే, నువ్వు ఆ కర్రలకేటైనా సేసినావా?" అన్నాడు. అమ్మ మొహంలో రక్తం లేదు. "నూని రాసీసినాను" అంది. ఆ క్షణాన ఆవిడను చూసిన నాకు ఏడుపొచ్చింది. నేనూ కర్రలు అందించినదాన్నే. నాన్న నెత్తి పట్టుకుని కూలబడ్డాడు, అమ్మ మాత్రం కూలబడలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. మైలు దూరంలో ఉన్న ఇంటికి పరుగు తీసింది. వెనకాల నేను. మా అమ్మ అంతకు ముందూ ఆ తర్వాతా పరుగెత్తగా నేను చూడలేదు.

నూనె పట్టిన ఒంటికి మా ఇళ్లలో ఒకటే మందు. దూలం కింద మేకుకు వేలాడే డబ్బాలోంచి సున్నిపిండి మొత్తం పళ్లెంలో దిమ్మరించి, నాలుగు పాత గుడ్డలు నా చేతికిచ్చి, మళ్లీ పరుగు. మేం వచ్చేసరికి మూడు గుంతలు అయ్యాయి. మూడు దెబ్బల ఆధిక్యం పోయి, బసంత్ ఒక దెబ్బ వెనకబడ్డాడు. అమ్మ తాడు దాటి లోపలికి పోయి, "బాబూ, ఏ లగావ్, ఏ లగావ్!" అని పళ్లెం చాచింది. తెల్లచొక్కా వేసుకున్న రిఫరీ, మద్రాసు నుంచి వచ్చినవాడు, మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. జేబులోంచి నియమాల పుస్తకం తీసి తిరగేశాడు. చేతులకూ పట్టుకునే చోటుకూ తడి పీల్చే పొడి రాసుకోవచ్చునని అందులో ఉంది. ఈ పొడి పొడేనా అన్నది ఆయన సందేహం. వంగి వాసన చూసి, "యే క్యా చీజ్ హై?" అన్నాడు.

"సున్నిపిండి సాబ్. పెసలు, సెనగలు, కచ్చూరాలు, బావంచాలు. నలుగు పెడతాం. పిల్లలకి, పెళ్లికొడుకులకి" అంది అమ్మ రొప్పుతూ.

రిఫరీ ఇంకోసారి వాసన చూశాడు. "పౌడరే" అని పుస్తకం మూశాడు. బసంత్ మట్టిలో కూచుని, చంటిపిల్లలకు నలుగు పెట్టినట్టు పద్నాలుగు కర్రలకూ తనే నలుగు పెట్టుకున్నాడు. అమ్మను ముట్టుకోనివ్వలేదు, నియమం ఒప్పుకోదట. జనం నవ్వు ఆపి చూస్తున్నారు. లేచి నాలుగో గుంతకు కొట్టిన దెబ్బకు పచ్చటి పిండి దుమ్ములా లేచింది, బంతి తాడు కట్టి లాగినట్టు నిటారుగా పోయింది. ఆ తర్వాత మూడు గంటలపాటు, తొమ్మిది గుంతలూ రెండో చుట్టు కూడా తిరిగేదాకా, అతను ఆడిన ఆట గురించి ముసలివాళ్లు చాన్నాళ్లు చెప్పుకున్నారు. పోయినవన్నీ ఒక్కొక్కటిగా రాబట్టుకున్నాడు, కానీ ముందున్నవాడూ అంతే బాగా ఆడాడు. ఆఖరి నల్లవలయం మీద, బారెడు దూరంలో బంతి. వేస్తే సమానం. అది గుంత అంచున తిరిగి బయటికొచ్చేసింది. ఒక్క దెబ్బతో రెండోవాడయ్యాడు. గెలిచినవాడు ఆ ఏడూ మినతి దీదీ ఇంట్లోనే దిగాడు. రేకు మీద ఆవిడ పేరు మూడోసారి ఎక్కింది.

బహుమతులప్పుడు మొదట్లో ఏమైందని ఎవరో అడిగితే, "హవా థీ సాబ్" అన్నాడు బసంత్. గాలి. కొబ్బరాకు కదలని రోజున! ఇంటికొచ్చాక అమ్మ అన్నం వడ్డించి, తను తినకుండా గోడకు ఆనుకుంది. "నీ బతుకు నానే పాడు సేసీసినాను బాబూ" అంది. బసంత్ చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిడ ముందు కూచున్నాడు. హిందీలో నెమ్మదిగా చెప్పాడు, నాన్న తెలుగు చేశాడు. నూనె పట్టుకుపోయిన దెబ్బలను నేను తిరిగి తెచ్చుకున్నానమ్మా. ఆఖరి బంతి నా చేతిలోంచే పోయింది. ఆ తప్పు నాది, అది కూడా నా దగ్గర లాక్కోకు. పాతికేళ్లవాడు అంత మాట అనగలగడం నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినా మళ్లీ వినలేదు.

జెట్టీ దగ్గర ఓడ ఎక్కబోతూ వంగి కాళ్లకు దండం పెట్టాడు. మావాళ్లెవరైనా అప్పుడు "ఎల్లిరా" అంటారు. వెళ్లేవాడిని ఉత్తినే వెళ్లమనడం అపశకునం. అమ్మ అతని తల మీద చెయ్యి వేసి, అందరూ వినేటట్టు, "ఫిర్ మత్ ఆనా బేటా. మళ్లీ రాకు" అంది. పక్కన నిలబడ్డ తమిళ మేస్త్రీ భార్య చెంపలు వేసుకుంది. బసంత్ మాత్రం నవ్వాడు. "నహీ ఆవూంగా అమ్మా" అని మాటిచ్చి ఓడెక్కాడు.

మరుసటి ఏడు క్లబ్బు వరండాలో సెక్రటరీ సాబ్ ఆటగాళ్ల జాబితా చదువుతుంటే అమ్మ ముందుకు జరిగి కూచుంది. చివరి పేరు దాకా చదివాడు. బసంత్ లేడు. "మానేసినాడా? లారీల మీదకి పోనాడా?" అని అమ్మ నిలబడి అడిగేసింది. సెక్రటరీ సాబ్ కళ్లద్దాలు తీసి నవ్వాడు. "ఊపర్ గయా, ఊపర్! ఇక్కడ రెండో స్థానం రావడంతో లెక్క సరిగ్గా సరిపోయింది. పైకి పోయినవాళ్లలో ఆఖరివాడు అతనే." అమ్మ అరిచిన అరుపుకు బిస్కెట్ల డబ్బా కింద పడి చీట్లన్నీ చెదిరిపోయాయి. అబర్డీన్ బజార్లో కొట్టుకొట్టుకూ లడ్డూలు పంచింది. మినతి దీదీ వచ్చి అమ్మను కావలించుకుని, "నా పేరు ఇత్తడి మీద మూడుసార్లుంది నర్సమ్మా. ఆ ముగ్గురూ మరుసటేడు మళ్లీ వచ్చారు. నీవాడు రాలేదు" అంది. అసూయపడుతూనే మెచ్చుకోగలిగిన మనుషులు వాళ్లు. ఆ సాయంత్రం అమ్మ చేతిలో ఖాళీ లడ్డూ పళ్లెంతో నడుస్తుంటే వెనకాల నడిచిన నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు, వారం ఆలస్యంగా వచ్చే పేపర్లలో ఆటల పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నాన్న బసంత్ పేరు వెతికి గీత గీసేవాడు. పదిహేనో, ఇరవయ్యోవాడుగా ఉండేవాడు. ఏ పెద్ద కప్పూ గెలవలేదు. "పైన ఉన్నాడు" అనేది అమ్మ, అంతే. ఈలోగా మా ఊళ్లో విమానాలు పెరిగాయి, హోటళ్లు లేచాయి. ఆటగాళ్లు హోటళ్లలో దిగి, మూడు రోజులు ఆడి, ఎవరి పేరూ తెలియకుండా వెళ్లిపోసాగారు. షీల్డు మీద ఆడవాళ్ల పేర్లు ఆగిపోయాయి. తర్వాత పోటీ కూడా ఆగిపోయింది, మైదానం ఇళ్ల స్థలాలైంది. హోటళ్లు రావడం తప్పని నేననను. అతిథికి గుడ్లు ఉడికించి పెట్టలేక అమ్మ పడ్డ తిప్పలు నాకు తెలుసు. కానీ గెలిచినవాడి పేరు కింద అన్నం పెట్టిన మనిషి పేరు చెక్కిన పోటీ ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి, చూస్తాను. మా తమ్ముడి మనవలకు ఈ కథ చెబితే, తెలుగూ హిందీ కలగలిపి, "తాతమ్మ కా నామ్ షీల్డు మీద ఎందుకు లేదు మరి?" అనడుగుతారు. లేకపోవడమే మా గొప్ప అని వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పడం నా వల్ల కాలేదు.

అన్నం ఉడికి దించేసరికి గేటు ముందు ఆటో ఆగింది. తెల్లజుట్టు మనిషి, చేతికర్ర పట్టుకుని దిగాడు. గడప ముందు చెప్పులు విప్పాడు. అమ్మ పెసల చేట పక్కనపెట్టి, కళ్లు చికిలించి, "ఎవులు?" అంది. అతను వంగలేక వంగి ఆవిడ పాదాలు ముట్టుకుని, "బసంత్, అమ్మా" అన్నాడు.

అమ్మ మొహంలో సంతోషం వస్తుందని నేను చూస్తున్నాను. రాలేదు. ఆవిడ మొహం పాలిపోయింది. అతని భుజం పట్టుకుంది.

"ఎందుకొచ్చినావు? రావద్దని సెప్పినాను కదా! కిందకి దిగిపోనావేటి బాబూ?"

బసంత్‌కు తెలుగు రాదు, అయినా నేను చెప్పాల్సిన పని లేకపోయింది. "నహీ అమ్మా, నహీ" అన్నాడు, కళ్లు తుడుచుకోకుండానే నవ్వుతూ. "ఊపర్ సే హీ రిటైర్ హువా."

"పైనుంచే రిటైరైనాడట అమ్మా" అన్నాను.

అమ్మ అతని మొహం కాసేపు పరీక్షగా చూసింది. ఊపిరి వదిలింది.

"అలగైతే లోనికి రా. అన్నం తిందువు."